గంజిలోకి నంజు

ఎండాకాలం వచ్చిందంటే నంద్యాల రోడ్ల మీద అంబలి బండ్లు నిలబడతాయి. స్టీలు డ్రమ్ముకు తడిగుడ్డ చుట్టి, పక్కన తరిగిన ఎర్రగడ్డలు, ఊరేసిన మిరపకాయలు పెట్టుకొని అమ్ముతారు. మోటారు సైకిలు దిగి తాగిపోయే ఉద్యోగస్తులుంటారు. చక్కెర జబ్బొచ్చిన షావుకార్లుంటారు. జొన్నలు, కొర్రలు, ఆరికలు ఇప్పుడు సిరిధాన్యాలైనాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడు మార్చిలోనే మన రాష్ట్రంలో సర్కారు బడిపిల్లలకు రాగిజావ పోయడం మొదలైంది. సంతోషమే. కానీ ఇదే అంబలి తాగినందుకు మా చిన్నతనంలో మమ్మల్ని ఏమని పిలిచినారో నాకు గుర్తుంది. ఆ మాట ఇక్కడ రాయను. చదివే మీలో సగం మందికి అది తెలిసే ఉంటుంది.

హైదరాబాదులో చదువుకునే నా కూతురు మొన్న ఫోను చేసింది. "నాయనా, జొన్నంబలి కాచుకున్నా. గొంతు దిగడం లేదు. రుచి రావాలంటే ఏం కలపాల?" అని అడిగింది. ఉప్పు, సల్ల, ఇంత ఎర్రగడ్డ అని చెప్పి పెట్టేసినా. పెట్టేసినాక మనసు ఊరుకోలేదు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా మా ఇంట్లో ఊరికే ఉండేది కాదు. ఉప్పు కొనాల. సల్ల అడుక్కోవాల. ఎర్రగడ్డలు రెడ్డి చేన్లో పీకేటప్పుడు ఒకటో రెండో ఒళ్లో దాచుకోవాల. గంజికి రుచి ఎట్లొస్తుందని అడిగితే మా గేరిలో వంట చెప్తే సరిపోదు, చరిత్ర చెప్పాల. నా బిడ్డకు ఫోనులో చెప్పనిది ఇక్కడ రాస్తున్నా.

మాది ఆళ్లగడ్డ తాలూకాలో కుందేరు పక్క పల్లె. మాదిగ గేరి. మా నాయన ఒక రెడ్డి దగ్గర గాసగాడు. అమ్మా, జేజీ కూలికి పోయేవాళ్లు. జేజి అంటే మా నాయన తల్లి. వండేదీ, వడ్డించేదీ, ఎవరికెంతో తేల్చేదీ ఆమే.

నల్లరేగడి నేలలు మావైపు. మావి అంటున్నా గానీ మాకు సెంటు లేదు. పచ్చజొన్న, కొర్ర, పత్తి పండేవి. తోలు బానలు, చెప్పులు, ఎద్దుల వార్లు ఏడాదంతా కుట్టినందుకు కల్లంలో మేర పెట్టేవాళ్లు. రాశి పైగింజ రెడ్డి గాదెకు, అడుగు గింజ మాకు. మట్టి, రాళ్లు, పేడ పొడి అన్నీ దాంట్లోనే. అది నాలుగు నెలలకే అయిపోయేది. ఆ తర్వాత నాగుకు తెచ్చుకోవాల. ఒక బస్తా తెస్తే మళ్లా కల్లంనాటికి బస్తానర కొలవాల. నాగుకు ఇచ్చేది కూడా పాతర అడుగు జొన్నలే. చెమ్మ తగిలి ముక్కిపోయి, చేతిలోకి తీసుకుంటే గబ్బు కొట్టేవి. కాబట్టి మా జేజికి రుచి తేవడమంటే మొదట ఆ వాసన పోగొట్టడం.

ఆమె అంబలి కాచే తీరు చెప్తా. ముందు చాటలో చెరిగేది. తర్వాత నీళ్లలో గాలించేది. మూడు నీళ్లు మార్చేది. వాసన మరీ ఉంటే ఎండబెట్టి పెంకులో దోరగా వేయించేది. ఇసుర్రాయిలో ఇసిరి, జల్లించి, నూక వేరు పిండి వేరు చేసేది. నూక సంగటికి, పిండి అంబలికి. పొద్దుగూకినాక పిండిని నీళ్లలో కలిపి కలిబానలో పోసేది. ఆ బాన అడుగంటా కడిగేది కాదు. నిన్నటి పులుపు కొంచెం మిగలాల, అదే ఈ పొద్దు పిండిని పులియబెడుతుంది. కోడి కూసే యాళకు ఎసరు కాగబెట్టి, ఒక చేత్తో పులిసిన పిండి పోస్తా, ఇంకో చేత్తో తెడ్డు తిప్పేది. ఉండ కట్టగూడదు. గుడగుడా ఉడికి, పచ్చివాసన పోయి, తెడ్డు మీద నుంచి జారుగా దిగితే పొయ్యి దించేది. వేడిది తాగనిచ్చేది కాదు. "ఆరనీరా, ఆరితేనే పులుపు తెలుచ్చది" అనేది.

కంటికి కనపడని జీవులు పిండిలోని చక్కెరను పులుపుగా మారుస్తాయని, ఆ పులుపులో చెడగొట్టే క్రిములు పెరగలేవని నేను తర్వాత కాలేజీలో చదువుకున్నా. జేజికి వాటి పేరు తెలియదు. పులుపు తగిలితే ముక్కు వాసన అణుగుతుందని తెలుసు. రాత్రి కలిపి పెడితే పొద్దున్నే పనికి పోయేలోపల తొందరగా కాచుకోవచ్చని తెలుసు. కూలికి పోయే ఆడదాని బుద్ధి అంతా ఆ కలిబానలో ఉండేది.

అంబలి కాచినంత మాత్రాన దిగదు. నంజు కావాల. ఎండుమిరపకాయలు, ఉప్పు, నాలుగు తెల్లగడ్డలు నూరితే గొడ్డుకారం. చింతకాయల కాలంలో పచ్చికాయ ఉప్పేసి దంచి చింతతొక్కు చేసి ఏడాదికి దాచేది. బుడ్డలు పీకే కాలంలో ఊరిబిండి. వానలకు గట్ల మీద చెంచలాకు, గురుగాకు. ఇవి ఏవీ లేని రోజు ఒక పచ్చిమిరపకాయ. రెడ్డి ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టేవాళ్లు. ఉలవలు ఎద్దులకు, ఆ కట్టు మాకు. నాయన చట్టిలో తెచ్చిన కట్టుకు జేజి ఇంత చింతపులుసు పిండి, మిరపకాయలు గిల్లేసి కాచితే ఆ రాత్రి సంగటి చాలేది కాదు. ఇప్పుడు పెళ్లిళ్లలో దాన్నే ఉలవచారని మీగడ పోసి వడ్డిస్తున్నారు. నాకు వడ్డించినప్పుడల్లా ఆ ఎద్దులు గుర్తొస్తాయి. వాటి పేర్లు కూడా గుర్తున్నాయి.

సల్ల సంగతి వేరే. తెల్లారి ముంత పట్టుకొని రెడ్డి దొడ్డి తలుపు దగ్గర నిలబడే పని నాది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. ముందు పేడకళ్లెత్తి కొట్టం ఊడ్చాల. తర్వాత రెడ్డెమ్మ వచ్చి ఎత్తునుంచి పోసేది. ముంతకు ముంత తగలగూడదు. గాలి కొట్టిన రోజు సగం నా చేతుల మీద, సగం మట్టిలో. ఇంకో చుక్క అడగగూడదు. ఇంటికి తెచ్చిస్తే జేజి వేలు ముంచి నాకి, "ఈ పొద్దు నీళ్లకు సల్లను చూపిచ్చి పోసింది" అనేది. ఊరి బర్రెలను మేపేది మా పిల్లోళ్లు. చస్తే మోసేది మా పెద్దోళ్లు. పాలు మాత్రం ఊరివి.

చచ్చిన గొడ్డు మాది. దాన్ని ఈ పుస్తకంలో దాచిపెట్టాల్సిన పని లేదు. కండను పొడుగ్గా, పల్చగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెడితే ఒట్టి తునకలు. నిప్పుల మీద కాల్చి, రోట్లో చితగ్గొట్టి, కారంలో కలిపి పెడితే అంబలి బాన ఖాళీ అయ్యేది. వానాకాలం పని లేని నెలల్లో మమ్మల్ని నిలబెట్టింది ఆ తునకలే. నిఘంటువులో నంజుడు అంటే మాంసమని ఉంటుంది. నంజుకోవడం పక్కనే నంజుడు. ఆ మాట పుట్టిన కాలంలో గంజిలోకి ఏం నంజుకున్నారో చెప్పడానికి వేరే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

మా జేజి తన జేజి నోట విన్న ధాత కరువు గురించి చెప్పేది. పుస్తకాల్లో చూస్తే అది 1876-78 కరువు. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయినారు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనిలో మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొంచెం చిల్లర చాలని కూలి తగ్గించినాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి బతికి పనిచేయలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఎదురు రాసినాడు. నెలలు వాదించుకున్నాక మే నెలలో కూలి కొంత పెంచినారు. ఆ కాగితాలన్నింటిలో నాకు వినిపించే ప్రశ్న మా గేరి ప్రశ్నే. గింజ ఇస్తివి, నంజు ఏదీ?

నంజు మాట దేవుడెరుగు, ఉప్పు కూడా పిరమైంది. 1878లో మద్రాసు రాజధానిలో ఉప్పు పన్ను మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచినారు. సీమలో ఉప్పరోళ్లు సవుడు మట్టి కడిగి ఉప్పు తీసేవాళ్లు. తెల్లోళ్ల సర్కారు దాన్నీ ఆపించింది. ఉప్పంటే మనకు 1930, దండి గుర్తొస్తాయి. అంతకు యాభై ఏళ్ల ముందే ఉప్పు లేని గంజి తాగినోళ్లు మావైపు ఉన్నారు. వాళ్లు ఏ సత్యాగ్రహంలోనూ లెక్కకు రాలేదు.

గంజి చరిత్రలో మా ఆళ్లగడ్డ పక్కనే ఒక పెద్ద పేరుంది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేల మందికి తిండి పెట్టినాడు. విక్టోరియా రాణి పేరున బంగారు పతకం వచ్చింది. ఆయన మీద జనం పాటలు కట్టి పాడినారు, మా జేజి కూడా పాడేది. ఆయన ధర్మాన్ని తక్కువ చేసి మాట్లాడను. కరువులో గింజ పాతరేసుకొని కూర్చున్నోళ్లు ఎందరో ఉండగా ఆయన తెరిచినాడు. నా బాధ వేరే. పెట్టినాయన పేరు పాటలో ఉంది. తిన్న వేల మందిలో ఒక్కరి పేరూ లేదు. వాళ్లు ఏ ఊరోళ్లు, ఎంత దూరం నడిచొచ్చినారు, ఆ తిండిలోకి ఏం నంజుకున్నారు, ఎవరూ రాయలేదు. రాయడం వచ్చినోళ్లు ఆ వరసలో లేరు.

1952లో మళ్లీ కరువు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. మద్రాసు సర్కారుకు రాజాజీ ముఖ్యమంత్రి. సీమలో గంజి కేంద్రాలు తెరిచినారు. అక్టోబరులో నెహ్రూ వచ్చి చూసిపోయినాడు. మా జేజికి అప్పుడు ముప్పై ఏళ్లు, నాయన పిల్లోడు. ఆ వరసలో నిలబడిన మనిషి మా ఇంట్లో ఉంది కాబట్టి రాస్తున్నా.

ఒక పల్లెలో గంజి కేంద్రం. రెండు వరసలు. ఊరోళ్లది ముందు, మాది వెనక. ముందు పోసేది పైన తేరుకున్న నీళ్లు, గింజంతా అడుగున ఉండేది. దాంతో మా వరసకు చిక్కటి గంజి పడింది. "పుట్టినాక ఎనక నిలబడినందుకు మేలు జరిగింది ఆ రెండు దినాలేరా" అని జేజి నవ్వేది. మూడోనాడు పోసేటోడు కనిపెట్టి, మొదటి నుంచే తెడ్డు తిప్పి పోయడం మొదలుపెట్టినాడు. ఆ గంజిలో ఉప్పు లేదు. జేజి కొంగున ఇంత గొడ్డుకారం ముడేసుకొని పోయేది. మా వరసలో అడిగిన వాళ్లకు చిటికెడు చిటికెడు పెట్టేది. ఒకనాడు అవతలి వరసలోని కాపుల ఆడమనిషి, పిల్ల తాగడం లేదని, ఇంత కారం ఇయ్యమని మెల్లిగా అడిగింది. జేజి ఇచ్చింది. ఎట్లిచ్చింది? "ఎత్తునుంచి ఆమె ఆకులో పడేసినా" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి పైకెత్తి చూపించేది. కరువుకు కులం లేదంటారు. ఉంది. వరసలు కలవలేదు. కారం మాత్రం దాటింది.

అంబలి పోయి బియ్యం వచ్చిన కథ కూడా చెప్పాల. 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టి, 1882లో సర్కారు కొన్న కర్నూలు-కడప కాలువ మా పక్కనుంచే పోతుంది. నంద్యాల చుట్టూ వరి దానివల్లే. మా అమ్మలు నడుములు వంచి నాట్లేసినారు. నాటినోళ్లకు బువ్వ పండగనాడే. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినాడు. అప్పుడు మా గేరిలో రోజూ బువ్వ ఉడికింది. కలిబాన అటకెక్కింది. జేజి బియ్యం గంజి తాగి మొహం చిట్లించేది. "నోట్లో ఏం తెలవదు, నీళ్లు తాగినట్టుంది" అనేది. మళ్లా తనే అనేది: "తెలవకపోతే పాయె. దీనికోసరం ఎవురి దొడ్డి తలుపు కాడా నిలబడే పని లేదు."

సిరిధాన్యాలు తినమని మాకు చెప్పేవాళ్లు ఈ మాట వినాల. మా వాళ్లు జొన్నను మర్చిపోయింది తెలివి తక్కువై కాదు. ఆ జొన్న వెనక నాగు ఉంది, పాతర ఉంది, ఎత్తునుంచి పోసే ముంత ఉంది. బియ్యంలో అవి లేవు.

ఇంక నా సంగతి. ఇది రాయడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

1984లో నంద్యాలలో డిగ్రీలో చేరినా. హాస్టల్లో సీటు రాలేదు. ఒక వీధిలో రూము అడిగితే ఇంటాయన మొదట కులం అడిగినాడు. వేరే కులం చెప్పినా. రూము ఇచ్చినారు. ఆ అబద్ధం కాపాడుకోవడానికి నేను మాట మార్చుకున్నా. జేజి అనే మాట మానుకొని నాయనమ్మ అనడం నేర్చుకున్నా. ఎర్రగడ్డను ఉల్లిగడ్డ అన్నా.

ఒక ఆదివారం జేజి చెప్పకుండా బస్సెక్కి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. రేషను బియ్యం గంజి తాగి నేను చిక్కిపోతున్నానని ఎవరో చెప్పినారంట. జొన్న సంగటి ముద్దలు, చింతతొక్కు, అడుగున కాగితంలో చుట్టి ఒట్టి తునకలు తెచ్చింది. నేను మెట్ల మీద ఉన్నా. ఇంటామె వాకిట్లో ఉంది. "ఎవరు బాబూ?" అని అడిగింది. నా నోట్లోనుంచి వచ్చిన మాట ఇది: "మా చేలో పనిచేసే ముసల్ది. మా అమ్మ ఏదో పంపించింటుంది."

జేజి విన్నది. నా మొహం చూసింది. ఏమీ అనలేదు. సంచి మెట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడింది. ఇంటామె నీళ్లు కావాలా అంటే, గ్లాసు అందుకోకుండా వంగి దోసిలి పట్టింది. ఇంటామె పైనుంచి పోసింది. జేజి తాగి, "వచ్చా సామీ" అని నాకు దండం పెట్టి పోయింది. నేను మొదలుపెట్టిన అబద్ధాన్ని ఆమె నాకంటే బాగా నిలబెట్టింది. నా రూము పోగూడదని.

తలుపేసుకొని, కిటికీ మూసి, ఆ తునకలు కాల్చకుండా పచ్చివే నమిలినా. కాలిస్తే వాసన వస్తుందని.

ఆ తర్వాత ఏడాది జులైలో కారంచేడు జరిగింది. నేను మీటింగులకు పోయినా, అంబేద్కర్‌ను చదివినా. 1927లో మహద్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానమని ఆయన తన వాళ్లకు చెప్పింది చదివి నాకు నేను సమాధానం చెప్పుకున్నా: నేను దాచింది సరైనదే, మానాల్సిన తిండే కదా అని. చాలా ఏళ్లు ఆ సమాధానం వెనక దాక్కున్నా. అది తప్పు. ఆయన మానమన్నది ఇతరులు పారేసింది తీసుకొని తలొంచుకునే బతుకును. నేను తల ఎత్తడానికి కాదు, ఇంటాయనకు భయపడి దాచినా. తిండి మానడం వేరు, తిండి పెట్టినామెను లేదనడం వేరు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు అందరి ముందర బీఫ్ పండగ చేసినారని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ మూసిన కిటికీ గుర్తొచ్చింది.

జేజి మళ్లా నంద్యాలకు రాలేదు. ఇంటికి పోతే మామూలుగానే పెట్టేది, ఆ రోజు మాట ఎత్తలేదు. 1991లో పోయింది. చుండూరు హత్యల మీద ఆ ఆగస్టులో నంద్యాలలో నేను ఆత్మగౌరవం గురించి మాట్లాడి ఇంటికి పోతే, అదేందని అడిగింది. చెప్పలేకపోయినా. ఆ చలికాలం దాటలేదు.

మొన్న రాత్రి మళ్లా నా కూతురికి ఫోను చేసినా. కలిబాన సంగతి చెప్పినా, గాజు సీసా అయినా పరవాలేదు, అడుగున నిన్నటి పులుపు కొంచెం ఉంచుకోమన్నా. గొడ్డుకారం కొలత చెప్పినా. తర్వాత మెట్ల మీద జరిగింది చెప్పినా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నా. చివరకు, "తునకలు ఉన్నాయా నాయనా ఇంట్లో? వచ్చే వారం వచ్చా" అన్నది. వచ్చా అన్నది. వస్తాను అనలేదు.

నంద్యాల ఇప్పుడు జిల్లా కేంద్రం. నాకు సొంత ఇల్లుంది, అన్ని కులాలోళ్లూ ఉండే వీధిలో. నిన్న పొద్దున తునకలు కాల్చినా. వంటింటి కిటికీ వీధిలోకి ఉంటుంది. దాన్ని మూయలేదు.